డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: కడుపునకును మనస్సునకును గల చుట్టరికము

విద్యార్థులారా! వారమునకొక పర్యాయము పాఠశాలలలో పిల్లలకు నీలిరంగు మాత్ర యొకటి పంచిపెట్టుట మీరెరుగుదురు. ఇంట గర్భవతియైన అక్కయో వదినయో ఉన్నచో ఆమెకు ఆసుపత్రివారు ఎర్రమాత్రలు ఇత్తురు. ఈ రెండింటియందును ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లమను పదార్థము 500 మైక్రోగ్రాములు కలదు. మైక్రోగ్రామనగా గ్రామును పది లక్షల భాగములు చేయగా అందొక భాగము. రవ్వంతయైనను రక్తమునకు ప్రాణప్రదమైన ఈ పదార్థమును ప్రయోగశాలలో తయారుచేయు మార్గమును తొలిసారి కనుగొన్న బృందమునకు నాయకుడు ఒక తెలుగువాడు. ఆయనయే డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

తన తోబుట్టువులను బలిగొన్న ప్రేగుల వ్యాధికి మందు కనుగొనవలెనని బయలుదేరిన మహనీయుడాయన. ఆ వెదకులాటలో ఆయన బృందమునకు తోడునిలిచినది కంటికి కానరాని ఒక సూక్ష్మజీవి. అట్టి సూక్ష్మజీవులు మన ప్రేగులలో నివసించుచు దేహమునకే గాక మనస్సునకును సంబంధించిన పనులు చేయుచున్నవని నేటి శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. కాన ఆయన చరిత్రను చదువుట ఒక గొప్పవానిని స్మరించుట మాత్రమే కాదు. మన కడుపును, మన మనస్సును తెలిసికొనుట కూడ.

బాల్యము

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. నేడది ఆంధ్రప్రదేశమున పశ్చిమ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణము. ఆ కాలమున చెన్నపురి రాజధానిలో చేరియుండెను. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యమువలన ఆయన ముందుగనే ఉద్యోగము విడువవలసి వచ్చెను. తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో సుబ్బారావుగారు నాలుగవవారు. ఇల్లు పెద్దది, రాబడి చిన్నది.

పుట్టుకతోడనే మేధావిగా పేరొందిన బాలుడు కాడాయన. పదుమూడవ ఏట చదువు విడిచి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని ఇల్లు వదలి పోయెను. తల్లి ఊరకుండలేదు, వెదకి పట్టి తెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. అటుపిమ్మట మెట్రిక్యులేషను పరీక్షలో ఆయన ఒకసారి కాదు, రెండుసార్లు తప్పెను. ఈలోగా తండ్రి గతించెను. అయినను తల్లి ఎన్నో కష్టములకోర్చి కుమారుని చెన్నపట్టణమునకు పంపెను. అచ్చటి హిందూ ఉన్నత పాఠశాలనుండి మూడవసారి ఆయన ఉత్తీర్ణుడాయెను.

తల్లిదండ్రులు ఈ ఘట్టమును గమనింతురుగాక. పరీక్ష తప్పిన బాలుని మరునాడే సాంచాల మీదికి పంపుట మన భివండీలో క్రొత్తగాదు. బాబిన్లు చుట్టుటకో, బీములు మోయుటకో ఒక చేయి దొరికినదని ఇంటికి ఊరట కలుగును. కాని రెండుసార్లు తప్పిన ఆ గోదావరి బాలుని నాడు వెంకమ్మగారు పనిలో పెట్టియున్నచో, లోకమునకెంత నష్టము వాటిల్లియుండెడిదో ఈ వ్యాసము చివరకు మీకే తెలియును.

వైద్యవిద్య - ఇంటిలో మృత్యువు

చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియటు చదువుచున్న దినములలో ఆయన మనస్సు సన్యాసముపై మరలెను. రామకృష్ణ మఠమున చేరి సేవచేయవలెనని తలంచెను. తల్లి సమ్మతింపలేదు. మఠమునందలి పెద్దలును, వైద్యుడవై ప్రజాసేవ చేయుమని హితవు చెప్పిరి. అంతట ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను.

అది గాంధీ మహాత్ముడు విదేశీ వస్తువులను త్యజింపుమని దేశమును మేల్కొలుపుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాలయమున సైతము ఖద్దరు అంగీనే ధరించిరి. ఆంగ్లేయుడైన శస్త్రవైద్యాచార్యునకు ఇది కంటగింపాయెను. తక్కిన విషయములలో ప్రజ్ఞ చూపినను, ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. చేనేత ఖద్దరు బట్టకొరకు ఒక పట్టమును పోగొట్టుకొనిన వానిని నేతవారి బిడ్డలు మరువరాదు.

అంతకంటె పెద్ద దెబ్బ ఇంటిలోనే తగిలెను. స్ప్రూ అను ప్రేగుల వ్యాధి అన్న పురుషోత్తమును, తమ్ముడు కృష్ణమూర్తిని కొద్దిదినముల యెడములో కబళించెను. మన పెద్దలు గ్రహణియని చెప్పుకొను వ్యాధులకు ఇది దగ్గరిది. నోరు, నాలుక పూయును, విరేచనములు ఆగవు, తిన్నది ఒంటబట్టదు, రక్తము పలుచబడును, మనుష్యుడు దినదినము కృశించి, చిరాకు, నిరాశ పాలగును. పాశ్చాత్య వైద్యమున నాడు దీనికి సరియైన మందు లేదు. కొంతకాలమునకు సుబ్బారావుగారికే ఆ వ్యాధి సోకెను. ఆయుర్వేద వైద్యుడైన డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారు చికిత్సచేసి ఆయనను బ్రతికించిరి. అటుతరువాత సుబ్బారావుగారు లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలోనే శరీరనిర్మాణశాస్త్రమును బోధించుచు, ఈ వ్యాధికి మూలమేమి, దానిని కుదుర్చు వస్తువేది అని ఆలోచింపసాగిరి.

1919లో ఆయనకు శేషగిరిగారితో వివాహము జరిగియుండెను. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును, కాకినాడలోని మల్లాది సత్యలింగ నాయకరు ధర్మనిధివారును ధనసహాయము చేయగా, 1920 దశకపు తొలినాళ్ళలో ఆయన అమెరికాకు ఓడనెక్కెను. మూడేండ్లలో తిరిగి వత్తునని చెప్పి వెళ్ళెనందురు. ఆయన మరల రాలేదు. ఆయన వెళ్ళిన పిదప పుట్టిన కుమారుడు శైశవమునందే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖమును చూడనేలేదు. మహనీయుల ఘనతను చెప్పునపుడు, ఇంటిలో ఒంటిగా నిలిచి ఆ ఘనతకు వెల చెల్లించిన వారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. శేషగిరిగారి పేరును ఆయన పేరుతోబాటు తలంపవలసియున్నది.

సముద్రమునకావల

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఆయన చేరెను. చేతిలో ధనము లేదు. తెచ్చుకొనిన పట్టము అచ్చట వైద్యవృత్తికి చాలలేదు. అందుచే ఒక ఆసుపత్రిలో రాత్రివేళ కూలివానిగా కుదిరి, రోగుల పాత్రలను కడిగి, ఆ జీతముతో పగలు చదువుకొనెను. రాత్రిపాళీ చేసి వచ్చి తెల్లవారి నిద్రించు ఇండ్లవారికి ఆ బడలిక ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. 1924లో డిప్లొమా పొంది, హార్వర్డు వైద్య పాఠశాలలోని జీవరసాయన విభాగమున ప్రవేశించెను.

అచ్చట సైరస్ ఫిస్కె అను శాస్త్రజ్ఞునితో కలిసి పనిచేసి, రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత ఉన్నదో కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫిస్కె-సుబ్బారావు పద్ధతియను పేరుతో అది లోకమంతట వ్యాపించెను. ఆ కొలతబద్దతోనే 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏ.టి.పి. అను శక్తిద్రవ్యమును వారిరువురు బయల్పరచిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగ ఏ.టి.పి.ని కనుగొనెను. సాంచా నడచుటకు విద్యుత్తు ఎట్లో, దేహమునందలి ప్రతి కణమునకు ఏ.టి.పి. అట్టిది. చేయి కదలుటకైనను, తలంపు కలుగుటకైనను అదే శక్తి. 1930లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించెను.

ఇంత చేసినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. ఆయన విసుగు చెందలేదు. మనస్సు మరల తొలి ప్రశ్నవైపే తిరిగెను: స్ప్రూ రోగి రక్తమును నిలుపు పదార్థమేది? పశువుల కాలేయమునుండి తీసిన సారము కొందరు రక్తహీనులకు మేలు చేయుచున్నదని అప్పటికి తెలియును. ఆ సారములో దాగియున్న వస్తువులను ఒక్కొక్కటిగ వేరుచేయుటకు ఆయన పూనుకొనెను.

ముంబై మిల్లు స్త్రీలు

ఇచ్చట కథను కొంతసేపు మన ముంబైకి త్రిప్పవలసియున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు ముంబైకి వచ్చెను. బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీ స్త్రీలు అనేకులు తీవ్రమైన రక్తహీనతతో మరణించుచుండిరి. కారణమేమో పరిశీలించుట ఆమెకు అప్పగించిన పని. ఆమె వారి నివాసములను, వారి ఆహారమును పరిశీలించి, పరేలులోని హాఫ్‌కిన్ సంస్థలో కోతులపైనను ఎలుకలపైనను పరిశోధనలు సాగించెను. ఇది అంటువ్యాధి కాదనియు, చాలని ఆహారమువలన కలిగిన లోపమనియు ఆమెకు తోచెను. తుదకు మద్యము కాచుచోట మిగిలిపోవు ఈస్టునుండి తయారగు మార్మైట్ అను చవుకైన లేహ్యమును తినిపింపగా ఆ స్త్రీలు కోలుకొనిరి. 1931లో ఆమె ఈ సంగతిని లోకమునకు తెలిపెను.

ఈస్టులోను, కాలేయములోను ఉన్న ఆ మేలుచేయు వస్తువునకు కొంతకాలము విల్స్ పదార్థమనియే పేరుండెను. అదియే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలెను. భివండీకి కూతవేటు దూరమున ఉన్న మిల్లులలో దారములు లాగిన పేద స్త్రీల పాలిపోయిన ముఖములే ఈ ఔషధమునకు త్రోవ చూపినవి. ఆ నగరపు మిల్లులలో మన తెలుగువారును పనిచేసినవారే గదా.

త్రాసుగా మారిన సూక్ష్మజీవి

1940లో సుబ్బారావుగారు హార్వర్డును విడిచి, న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి, పరిశోధన శాఖకు అధిపతియైరి. వందలకొలది శాస్త్రజ్ఞులు వారి ఆధ్వర్యమున పనిచేసిరి.

వారి యెదుట ఉన్న చిక్కు ఇది. కాలేయసారములో వేయి పదార్థములు కలసియున్నవి. అందు కావలసినది ఏ పాత్రలోనికి వచ్చినదో తెలియుటెట్లు? ప్రతిసారియు రోగికిచ్చి చూచుట సాధ్యము కాదు. ఇచ్చటనే సూక్ష్మజీవి తోడ్పడినది. లాక్టోబాసిల్లస్ కేసీ అను బాక్టీరియా పాలను పులియబెట్టు జాతికి చెందినది. మన ఇండ్లలో పెరుగు తోడుపెట్టు సూక్ష్మజీవులకు దగ్గరి చుట్టము. మనుష్యుల ప్రేగులలోను కానవచ్చును. దానికి అన్ని ఆహారములు ఇచ్చి, ఫోలిక్ ఆమ్లమును మాత్రము ఇయ్యనిచో అది పెరుగదు. ఆ పదార్థము రవ్వంత కలసినను పెరిగి గాజుగొట్టములోని ద్రవమును పులిపించును. పులుపు ఎంతయో పదార్థమంత. ఈ విధముగ ప్రాణమున్న త్రాసు ఒకటి శాస్త్రజ్ఞులకు దొరకెను.

1941లో అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయమువారు నాలుగు టన్నుల పాలకూరనుండి ఈ పదార్థమును కొలదిగ వేరుచేసి, లాటిను భాషలో ఆకు అను మాటనుబట్టి ఫోలిక్ ఆమ్లమని పేరిడిరి. 1943లో సుబ్బారావుగారి బృందములోని రాబర్టు స్టోక్‌స్టాడ్ కాలేయమునుండి దాని స్ఫటికములను తీసెను. 1945 ఆగస్టులో, కాలేయముతో పనిలేకుండ, రసాయనములనుండి దానిని తయారుచేసితిమని ఆ బృందము ప్రకటించెను. ఆ వెంటనే 1945-46లో అమెరికాలోను, కరేబియను దీవులలోను స్ప్రూ రోగులకు దానినిచ్చి చూడగా, నాలుక పూత తగ్గి, ఆకలి పుట్టి, రక్తము పట్టెను. అన్నదమ్ములు మరణించిన పాతికేండ్లకు సుబ్బారావుగారి ప్రశ్నకు సమాధానము లభించెను.

కాని అది సగము సమాధానమే. ఉష్ణదేశపు స్ప్రూలో చిన్నప్రేగునందు ఉండరాని బాక్టీరియాలు పెరిగి, ఆహారమును పీల్చుకొను ప్రేగుపొరను చెరుపుచున్నవని తరువాత వైద్యులు గ్రహించిరి. అందుచే నేడు ఈ వ్యాధికి ఫోలిక్ ఆమ్లముతోబాటు టెట్రాసైక్లిన్ జాతి మందును గూడ నెలలతరబడి ఇచ్చుచున్నారు. ఆ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ అను ఔషధము 1948లో సుబ్బారావుగారి ప్రయోగశాలలోనే వెలువడెను. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవినుండి దానిని తీసెను. అనగా తోబుట్టువులను చంపిన వ్యాధికి కావలసిన రెండు మందులును ఆ ఒక్క చోటనే పుట్టినవి.

ఆయనకు అపజయమును కలదు. కాలేయములో వెదకిన మరియొక పదార్థము, అనగా ప్రాణాంతకమైన ఒక రక్తహీనతను కుదుర్చునది, ఆయన చేతికి చిక్కలేదు. 1948లో ఇతరులు దానిని వేరుచేసిరి. అదియే బి-12 విటమిను. దానిని మొక్కలును చేయలేవు, జంతువులును చేయలేవు. బాక్టీరియా వంటి కొన్ని సూక్ష్మజీవులు మాత్రమే చేయగలవు.

బోదకాలు వ్యాధికి నేటికిని వాడుచున్న హెట్రజాన్ మందును 1947లో లోకమునకు ఇచ్చినదియు సుబ్బారావుగారి బృందమే. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలమైన అమినాప్టెరిన్ అను పదార్థమును వారు తయారుచేయగా, బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపు క్యాన్సరుగల పిల్లలకిచ్చి, కొంతకాలమైనను వ్యాధి వెనుకంజ వేయుటను 1948లో చూపెను. క్యాన్సరునకు మందులతో చికిత్స చేయుటకు అది ఒక తొలిమెట్టు. ఆ 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూసిరి. అప్పటికి వారి వయస్సు 53 ఏండ్లు. వారి పేరు దేశమున పెక్కుమందికి తెలియలేదు. 1953లో ఒక శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని వారి పేరు పెట్టిరి. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, భారత ప్రభుత్వము తపాలాబిళ్ళ వెలువరించెను.

కడుపునుండి మనస్సునకు

ఇక వారు వేసిన బాట నేడు ఎచ్చటికి చేరినదో చూతము.

ఫోలిక్ ఆమ్లము రక్తమునకే గాక నాడులకును అవసరము. గర్భము దాల్చుటకు ముందునుండి స్త్రీలకు దీనినిచ్చినచో, శిశువు వెన్నుపాము, మెదడు సరిగా ఏర్పడని లోపములు చాలవరకు తగ్గునని 1991లో ఒక పెద్ద పరిశోధన నిరూపించెను. ఇది కొరవడినవారిలో మతిమరపు, దిగులు, నిరుత్సాహము కలుగుట వైద్యులెరిగినదే. బి-12 లోపమునను అట్లే. ఒకటి కొరవడినపుడు రెండవది మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడి నాడులు లోలోపల చెడవచ్చును. కనుక ఇట్టి మందులు వైద్యుని సలహాతోనే వాడవలెను.

మన తెలంగాణమునుండియు ఒక ఉదాహరణము కలదు. జొన్నయే ముఖ్యాహారముగ బ్రతికిన దక్కను పేదలలో పెల్లాగ్రా అను వ్యాధి ఉండెడిది. చర్మము నల్లబారును, విరేచనములగును, ముదిరినచో మతి చలించును. ఇది ఏ గాలియో ధూళియో కాదు. నియాసిన్ అను విటమిను లోపము. దీని కారణములను గూర్చి హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా గారలు 1960లో ప్రకటించిన పరిశోధన ప్రసిద్ధమైనది. పప్పు, పాలు, గ్రుడ్డు తోడైనచో జొన్నరొట్టెవలన కీడు లేదు. ఒంటరి జొన్నయే, పేదరికమే, వ్యాధికి మూలము. నాడు పిచ్చివాడని ఊరివారు తరిమిన వారిలో ఎందరికి కావలసినది మంచి భోజనమే యైయుండెనో!

ఇంకొక మెట్టు ఎక్కుదము. ఒక నాడీకణము మరియొకదానికి వార్త పంపుటకు కొన్ని రసాయనములు వాడును. సెరటోనిన్, డోపమైన్, గాబా అనునవి అందు ముఖ్యములు. మన నిద్ర, ఉల్లాసము, భయము, దిగులు వీనితో ముడిపడియున్నవి. దేహమునందలి సెరటోనిన్‌లో సుమారు నూటికి 90 వంతులు మెదడునందు గాక ప్రేగులయందే యుండుట ఆశ్చర్యము. మనలో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియాలు నివసించుచున్నవని ఒక లెక్క. వానిలో లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియము జాతులలో కొన్ని గాబాను తయారుచేయగలవు. మరికొన్ని ఫోలిక్ ఆమ్ల జాతి పదార్థములను తయారుచేయును. నాడు పెర్ల్ రివర్‌లో ఏ పదార్థమును కొలుచుటకు సూక్ష్మజీవిని త్రాసుగ వాడిరో, ఆ పదార్థమునే మన ప్రేగులలో కొన్ని సూక్ష్మజీవులు సిద్ధముచేయుచున్నవి.

2004లో జపాను శాస్త్రజ్ఞులు బాక్టీరియా లేకుండ పెంచిన ఎలుకలు కష్టము కలిగినపుడు మితిమీరి కలత చెందుటను గమనించిరి. 2011లో ఐర్లండులో ఒక లాక్టోబాసిల్లసును తినిపింపగా ఎలుకల భయము తగ్గెను. కడుపునుండి మెదడునకు పోవు వేగస్ నాడిని కోసినచో ఆ మేలు కానరాలేదు. 2015లో అమెరికాలో, ప్రేగుగోడలోని కణములు సెరటోనిన్ తయారుచేయుటకు కొన్ని బాక్టీరియాలు పురికొల్పునని ఎలుకలలో తేలెను. 2019లో బెల్జియములో వేయిమందికి పైగా పరిశీలింపగా, దిగులు వ్యాధి గలవారి ప్రేగులలో రెండు జాతుల బాక్టీరియాలు తగ్గియుండుట కానవచ్చెను.

ఇచ్చట తొందర పడరాదు. ప్రేగులలో పుట్టిన సెరటోనిన్ నేరుగా మెదడులోనికి పోజాలదు. నాడులద్వారా, ఇతర మార్గములద్వారా వార్త పంపును. ఈ పరిశోధనలలో పెక్కు ఎలుకలపై జరిగినవి. బాక్టీరియా తగ్గుటవలన దిగులు కలిగెనో, దిగులువలన భోజనము మారి బాక్టీరియా తగ్గెనో ఇంకను విచారణలో నున్నది. పెరుగు తిన్నంతమాత్రమున మనోవ్యాధి పోవుననుట, సీసాలలో అమ్ము ఏదో పొడి వైద్యునికి బదులగుననుట అసత్యము.

మనము నేర్వవలసినది

మరి ఈ జ్ఞానమువలన మనకేమి లాభము? మొదటిది, మనస్సు గాలిలో వ్రేలాడునది కాదు. అది దేహముతో, ఆహారముతో, నిద్రతో అల్లుకొనియున్నది. పడుగు తెగినచో పేక నిలువదు. పన్నెండు గంటలు సాంచాల మ్రోతలో నిలిచి, టీతోను, వడాపావుతోను, గుట్కాతోను కడుపు నింపుకొని, పగటినిద్రతో దినములు గడుపువానికి చిరాకు, దిగులు కలిగినచో అది అతని గుణదోషమని నిందించుట తగదు. అంబలి, మజ్జిగ, పెరుగు, పప్పు, ఆకుకూరలు మన పెద్దలు మనకిచ్చిన ఆస్తి. పట్టణమునకు వచ్చితిమని వానిని పారవేయరాదు. ఆకుకూరలలోను పప్పులలోను ఫోలిక్ ఆమ్లము సమృద్ధిగ కలదు.

రెండవది, ఆరియోమైసిన్ వంటి మందులు చెడ్డ బాక్టీరియాతోబాటు మంచివానిని గూడ చంపును. జలుబునకును జ్వరమునకును దుకాణములో అడిగి అట్టి మాత్రలు మ్రింగుట కీడు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. కడుపునొప్పి వచ్చినచో నలుగురితో చెప్పుకొందుము. మనస్సు నొచ్చినచో దాచుకొందుము. పెండ్లి సంబంధములు చెడునని ఇంటివారు తలుపులు మూయుదురు. దయ్యమని భూతవైద్యుని పిలుతురు. నిద్ర పట్టక, అన్నము సహింపక, బ్రతుకుపై రోత పుట్టి రెండు వారములు దాటినచో అది వ్యాధి. దానికి వైద్యము కలదు. భారత ప్రభుత్వము 2022లో స్థాపించిన టెలీమానస్ అను సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, రుసుము లేకుండ, భారతీయ భాషలలో సలహా లభించును. మరాఠీ రానివారు, హిందీ సరిగా పలుకలేనివారు భయపడనక్కరలేదు. తెలుగులోనే తమ బాధ చెప్పుకొనవచ్చును. ఆత్మహత్యా ఆలోచనలు కలిగినవారి చెంత ఎవరైన ఒకరు తోడుండి, ఆలస్యము చేయక వైద్యునికడకు కొనిపోవలెను.

సుబ్బారావుగారు ప్రేగుల వ్యాధిని కర్మఫలమని వదలివేయలేదు. దానికొక కారణముండునని, ఆ కారణమునకొక మందుండునని నమ్మి, జీవితమంతయు వెదకిరి. మనోవ్యాధియెడలను మనకు అదే చూపు కావలెను. పరీక్ష తప్పిన పిల్లవానిని బడికి మరల పంపిన వెంకమ్మగారి ఓర్పు, నేర్చినదంతయు రోగులకే ధారపోసిన కుమారుని దీక్ష మన యిండ్లలో నెలకొనుగాక. ఈ వారము నీలిమాత్ర చేతికి వచ్చినపుడు దానిని కిటికీలోనుండి విసరివేయక, భోజనానంతరము మ్రింగుడు. దాని వెనుక ముంబై మిల్లు స్త్రీల ప్రాణములును, భీమవరపు అన్నదమ్ముల ప్రాణములును కలవు.